ట్యాంకులోంచి వచ్చిన పాట

1950ల చివర్లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ అనే ఎడారి ఊళ్లో, ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో బయట నీళ్ల ట్యాంకు ఒకటి తెచ్చి దింపారు. రెండు వేల గ్యాలన్లది, అంటే దాదాపు ఏడున్నర వేల లీటర్లు పట్టేది. అందులో ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. ఒక చివర చిన్న స్పీకరు, రెండో చివర మైకు పెట్టి వాటి తీగలను స్టూడియోలోకి లాగారు. పిట్టలు వచ్చి దానిమీద వాలితే తరిమేవారు, వీధిలో సైరన్ మోగితే ఆగేవారు, సద్దుమణిగాక మళ్లీ రికార్డింగ్ మొదలుపెట్టేవారు. ఆ ట్యాంకును వెతికిపట్టుకున్న మనిషి లీ హేజిల్‌వుడ్. కొనిపించేముందు ఊరి చుట్టుపక్కల ఖాళీ ట్యాంకులన్నిట్లోకీ తల దూర్చి కేకలేసి చూశాడని చెబుతారు. కొత్త బావి కనబడితే వంగి ‘ఓ’ అని అరిచే పిల్లలది కూడా ఇదే పని. కాకపోతే హేజిల్‌వుడ్ తిరిగొచ్చిన శబ్దాన్ని అమ్ముకున్నాడు.

1929లో ఓక్లహోమా రాష్ట్రంలోని మ్యాన్‌ఫర్డ్‌లో పుట్టాడు. కొన్నాళ్లు వైద్యం చదివి వదిలేశాడు, కొరియా యుద్ధంలో పనిచేశాడు, తిరిగొచ్చి ఆరిజోనాలో కూలిడ్జ్ అనే చిన్న ఊళ్లో రేడియోలో రికార్డులు వేసి మాటలు చెప్పే ఉద్యోగం పట్టాడు. ఆ ఉద్యోగమే అతని సంగీత పాఠశాల. రోజంతా ఎదుటివాళ్ల రికార్డులు వేసేవాడికి ఒక సంగతి తొందరగా తెలిసొస్తుంది: మొదటి పది క్షణాల్లో చెవి పట్టుకోని పాటను ఎవరూ చివరిదాకా వినరు. 1956లో శాన్‌ఫర్డ్ క్లార్క్ చేత పాడించిన ‘ద ఫూల్’ దేశమంతటా మొదటి పది పాటల్లోకి ఎక్కింది. అప్పటినుంచి మనిషి వెనక్కి చూడలేదు.

హేజిల్‌వుడ్ చేసింది రికార్డు ప్రొడ్యూసర్ పని. మన సినిమా పాటకు అలవాటుపడ్డవాళ్లకు దాన్ని కాస్త విడమరిచి చెప్పాలి. మనకు బాణీ కట్టేది సంగీత దర్శకుడు, శబ్దం చూసుకునేది రికార్డింగ్ ఇంజనీరు, డబ్బు పెట్టేది నిర్మాత. అమెరికన్ పాప్ రికార్డులో ప్రొడ్యూసర్ ఈ ముగ్గురి మధ్యా నిలబడే మనిషి. ఏ పాట ఎవరు పాడాలి, ఏ శ్రుతిలో పాడాలి, వాయిద్యాలెన్ని, మైకు ఎంత దూరం, పదిసార్లు పాడిన వాటిలో ఏది ఉంచాలి అన్నవి అతను తేల్చేవి. హేజిల్‌వుడ్ వీటికి ఇంకోటి కలిపాడు. పాట పాడుతున్న ఈ మనిషి ఎవరు? ఏ ఊరు, ఏ వయసు, ఎవరిమీద కోపం? సినిమా దర్శకుడు నటుణ్ణి అడిగే ప్రశ్నలివి. అతను తరవాత తెరమీద నటించాడని తెలిసినప్పుడు చాలామంది దాన్ని సరదా అనుకున్నారు. నాకు మాత్రం అతని రికార్డులన్నీ నటన చుట్టూ కట్టినవిగానే వినిపిస్తాయి.

ముందు ట్యాంకు సంగతి పూర్తిచేద్దాం. దాన్ని వాడింది డ్వేన్ ఎడ్డీ అనే కుర్ర గిటారిస్టు కోసం. ఎడ్డీ గిటార్‌మీద పాట వాయించేవాడు, పాడేవాడు కాదు. అందరూ సన్నతీగలమీద పరుగులు తీస్తుంటే ఇతను లావుతీగలమీద, కింది స్వరాల్లో బాణీ వాయించేవాడు. లావుతీగ శబ్దం టేపుమీద బలంగా పడుతుంది. దానికితోడు గిటార్ బ్రిడ్జి దగ్గరుండే లోహపు పిడిని ఊపి స్వరాన్ని వణికించేవాడు. హేజిల్‌వుడ్ ఈ శబ్దాన్ని స్టూడియోలోంచి తీగ ద్వారా బయటి ట్యాంకులోని స్పీకరుకు పంపేవాడు. లోపల శబ్దం గోడలకు తగిలి వందలసార్లు వెనక్కి వస్తుంది. ట్యాంకు చిన్నది కాబట్టి ఆ ప్రతిధ్వనులు విడివిడిగా వినపడవు, ఒకదానిమీదొకటి పడి తోకలా సాగుతాయి. ఆ తోకను రెండో చివరి మైకు పట్టుకుని వెనక్కి తెస్తుంది. అసలు గిటార్ శబ్దం పొడిగా ఒక పక్క, తోక ఇంకో పక్క. ఎంత పొడి, ఎంత తోక అన్న పాళ్లు కలపడంలోనే ఉంది విద్యంతా. ఎక్కువైతే గిటార్ ఎక్కడో సొరంగంలో పోయినట్టుంటుంది, తక్కువైతే ట్యాంకు కొన్న డబ్బు దండగ. 1958లో వచ్చిన ‘రెబెల్ రౌజర్’లో ఈ పాళ్లు అచ్చంగా కుదిరాయి. ఒంటరి గిటార్‌తో మొదలై, చప్పట్లు, అరుపులు, శాక్సాఫోన్ వచ్చి చేరుతూ, బాణీ మారకుండానే శ్రుతి మెట్టుమెట్టుగా పైకెక్కుతూ పోతుంది. అందులో కొంత భాగం లాస్ ఏంజెలెస్‌లో కలిపారు. అమెరికా పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది.

అంతకు కొన్నేళ్ల ముందు మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ తన సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీకి వేరే రకం ప్రతిధ్వని వాడాడు. టేపు యంత్రంలో రికార్డు చేసే తలకూ వినిపించే తలకూ మధ్య ఉన్న కొద్ది దూరాన్ని వాడుకుని, మాట పలికిన సెకనులో ఎనిమిదో వంతుకు అటూఇటూగా అదే మాటను మళ్లీ ఒక్కసారి వినిపించాడు. ఆ ప్రతిధ్వనితో పాటకు ఉరుకు వస్తుంది. ట్యాంకు ప్రతిధ్వని పాటకు చోటు ఇస్తుంది. ఎడ్డీ గిటార్ వింటే కనుచూపు మేర ఇంకేమీ లేని ఎడారి గుర్తొస్తుందంటారు కదా, ఆ ఎడారి నిజానికి ఏడున్నర వేల లీటర్ల డబ్బా.

హేజిల్‌వుడ్ భాగస్వామి లెస్టర్ సిల్ ఒకసారి ఓ నల్లకళ్లద్దాల కుర్రాణ్ణి ఫీనిక్స్ తీసుకొచ్చి, ఎలా చేస్తున్నాడో చూపించాడు. ఆ కుర్రాడు ఫిల్ స్పెక్టర్. స్పెక్టర్ అక్కడ చూసిన ప్రతిధ్వనిని తీసుకెళ్లి, లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో మూడేసి గిటార్లు, రెండేసి పియానోలు ఒకేసారి వాయింపజేసి గోడలాంటి శబ్దం కట్టాడు. హేజిల్‌వుడ్ ఆ దారికి పోలేదు. అతను వాయిద్యాలు తగ్గించుకుంటూ పోయాడు. నా మటుకు నాకు స్పెక్టర్ రికార్డులు నాలుగు వరసగా వింటే ఊపిరాడదు. హేజిల్‌వుడ్‌వి పది వినొచ్చు. (ఇద్దరికీ తెర పిచ్చి మాత్రం ఉంది. 1969 నాటి ‘ఈజీ రైడర్’లో విమానాశ్రయం పక్కన కొకైన్ కొనేవాడు స్పెక్టరే.)

1965 నాటికి నాన్సీ సినాట్రా తన తండ్రి ఫ్రాంక్ సినాట్రా పెట్టిన రిప్రైజ్ కంపెనీలో నాలుగేళ్లుగా పాడుతోంది. అమెరికాలో ఒక్క పాటా ఆడలేదు. కంపెనీ పెట్టినవాడి కూతురైనా ఒప్పందం ఊడిపోయే పరిస్థితి. అప్పుడు ఆమెను హేజిల్‌వుడ్ చేతిలో పెట్టారు. అతను చేసిన మొదటి పని శ్రుతి దించడం. అప్పటిదాకా ఆమె పైస్థాయిలో, బుద్ధిమంతురాలైన పిల్లలా పాడేది. కింది స్థాయిలో, మాట్లాడుతున్నట్టు, కాస్త నిర్లక్ష్యంగా పాడమన్నాడు. ఎలాంటి అమ్మాయిలా పాడాలో కూడా చెప్పాడు. ఆ సూచన పత్రికలో అచ్చువేసే మాటల్లో లేదు. మోటుమనిషే. కానీ పనిచేసింది: నటికి పాత్ర దొరికింది.

‘దీజ్ బూట్స్ ఆర్ మేడ్ ఫర్ వాకిన్’ అతను తనకోసం రాసుకున్న పాట. మోసం చేసిన మనిషిని బూట్లతో తొక్కుకుంటూ పోతానని బెదిరించే పాట. మగవాడు పాడితే అది దాష్టీకం, ఆడపిల్ల పాడితే ఇంకో అర్థం వస్తుంది, నేను పాడతానని నాన్సీయే పట్టుబట్టింది. పాత్రను ఎవరికివ్వాలో తేల్చడంలో ఈసారి దర్శకుడికన్నా నటి ముందుంది.

1965 నవంబరులో హాలీవుడ్‌లో రికార్డింగ్. బిల్లీ స్ట్రేంజ్ వాయిద్యాల ఏర్పాటు చూశాడు. పాట మొదట్లో డబుల్ బాస్ వాయించింది చక్ బర్గోఫర్. పైస్వరం దగ్గర మొదలుపెట్టి మెట్లుగా కిందికి దిగమన్నారు. దిగాడు. హేజిల్‌వుడ్‌కు నచ్చలేదు. ఆ మెట్లు ఇంకా దగ్గరదగ్గరగా ఉండాలన్నాడు. పడమటి సంగీతంలో రెండు పక్కపక్క స్వరాల మధ్య ఇంకో మెట్టు లేదు. గిటార్‌కైతే అడ్డకట్లుంటాయి, వేలు వాటిమధ్యే పడాలి. డబుల్ బాస్‌కు వీణలా మెట్లుండవు, ఫిడేలులా నున్నటి కర్ర. కాబట్టి బర్గోఫర్ తీగమీద వేలిని చిన్నచిన్న జరుపులుగా కిందికి తెస్తూ, స్వరాల సందుల్లోంచి దిగాడు. మన చెవికి ఇదేమంత వింతకాదు, గమకాల మీద పెరిగినవాళ్లం. అమెరికన్ రేడియో శ్రోతకు మాత్రం ఎవరో తూలుతూ మెట్లు దిగొస్తున్నట్టు వినిపించింది. నాన్సీ నోరు తెరవకముందే పాటలో ఒక మనిషి నడిచొచ్చేసింది. రేడియో ఉద్యోగం నేర్పిన పది క్షణాల పాఠం అదే. 1966 మొదట్లో ఆ పాట అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో ఉంది. ఇరవయ్యేళ్ల తరవాత, 1987లో, స్టాన్లీ కూబ్రిక్ తన ‘ఫుల్ మెటల్ జాకెట్’లో వియత్నాం వీధిమీద అదే పాట వేశాడు.

ఆ విజయం తరవాత అతను తన గొంతును కూడా పాత్రగా వాడడం మొదలుపెట్టాడు. లోతైన, బద్ధకపు, కొంచెం ఇసుక కలిసిన గొంతు. దాని పక్కన నాన్సీ సన్నటి గొంతు. ‘సమ్మర్ వైన్’, ‘జాక్సన్’, ‘సమ్ వెల్వెట్ మార్నింగ్’ ఇవన్నీ ఇద్దరు పాత్రధారుల మధ్య జరిగే చిన్న నాటికలు. ఇద్దరూ ఒకరితో ఒకరు ప్రేమలో ఉన్నట్టు వినపడరు, ఒకరినొకరు కనిపెట్టుకుని చూస్తున్నట్టుంటారు. 1967 నాటి ‘సమ్ వెల్వెట్ మార్నింగ్’లో ఈ ఎడం తాళంలోకే ఎక్కింది. మగ గొంతు నాలుగు లెక్కలో, ఆడ గొంతు మూడు లెక్కలో. మన మృదంగం మనిషి వింటే చతురశ్రం, తిశ్రం అని వేళ్లమీద లెక్కపెడతాడు. చివరికొచ్చేసరికి ఇద్దరూ ఒక్కొక్క చరణపాదం పంచుకుంటూ వేగంగా మారతారు, నడకా వాళ్లతోబాటు మారుతూనే ఉంటుంది, ఎక్కడా కలవదు. ఫీడ్రా అనే గ్రీకు పురాణపు రాణి పేరు పాటలో వస్తుంది. ఆ పాటకు అర్థమేమిటని ఆరు దశాబ్దాలుగా జనం తలలు పట్టుకుంటున్నారు. ఆ గొడవ నాకు అనవసరం. రెండు తాళాలు ఒక పాటలో కాపురం చేయలేకపోవడం వింటే చాలు.

తెరమీద నటన చూస్తే, 1970లో వచ్చిన ‘ద మూన్‌షైన్ వార్’ అన్నిటికన్నా పెద్దది. ఎల్మోర్ లెనార్డ్ రాసిన కథ, మద్యనిషేధం రోజుల కెంటకీ, దొంగసారా కోసం కొట్లాట. రిచర్డ్ విడ్‌మార్క్ పక్కన ఉండే తుపాకీ మనిషి డ్యుయల్ మెటర్స్ వేషం హేజిల్‌వుడ్‌ది. సినిమా ఆడలేదు. అతను అందులో బాగానే ఉన్నాడు, అంతకన్నా పొగడలేను. మీసం, బద్ధకపు మాట, చప్పుడు చేయని క్రౌర్యం అన్నీ ఉన్నాయి, అయితే అవన్నీ రికార్డుల్లో అంతకుముందే విన్నవే.

అదే కాలంలో స్వీడన్ వెళ్లిపోయాడు. కొడుకు వియత్నాం యుద్ధానికి పోవలసి వస్తుందేమోనన్న భయం ఒక కారణమని చెబుతారు. అక్కడ టొర్‌బ్యోర్న్ ఆక్సెల్‌మన్ అనే టీవీ దర్శకుడు అతన్ని పెట్టి వరసగా చిత్రాలు తీశాడు. వాటిలో 1970 నాటి ‘కౌబాయ్ ఇన్ స్వీడన్’ పేరుమోసింది. చలిదేశంలో దారితప్పిన పశ్చిమపు కౌబాయ్‌గా తన వేషమే తాను కట్టాడు.

వ్యాపారం మాత్రం అచ్చిరాలేదు. తన పేరుతోనే ఎల్‌హెచ్‌ఐ అనే రికార్డు కంపెనీ పెట్టి, విడుదల చేసినవేవీ పెద్దగా అమ్ముడుపోక మూసుకున్నాడు. దాన్లో తలుచుకోవలసింది ఒకటుంది. 1968లో గ్రామ్ పార్సన్స్ అనే కుర్ర గాయకుడి బృందం చేసిన ‘సేఫ్ ఎట్ హోమ్’ ఆల్బమ్‌కు ప్రొడ్యూసర్ సూజీ జేన్ హోకమ్ అనే మహిళ. ఆ రోజుల్లో ఆ కుర్చీలో ఆడవాళ్లు కూర్చోవడం చాలా అరుదు. అదే పార్సన్స్ బర్డ్స్ అనే బృందంలోకి పోతే హేజిల్‌వుడ్ పాత ఒప్పందం చూపించి అడ్డుపడ్డాడు, అతను పాడిన కొన్ని పాటల్లో గొంతు మార్చి వేయవలసి వచ్చింది. గొంతుకు చోటు ఎలా ఇవ్వాలో అంత తెలిసినవాడు ఒక కుర్రాడి గొంతు చెరిపించాడు. ఇది నాకు మింగుడుపడని సంగతి.

1999లో సోనిక్ యూత్ బృందపు డ్రమ్ముల వాద్యకారుడు స్టీవ్ షెల్లీ తన చిన్న కంపెనీ ద్వారా హేజిల్‌వుడ్ పాత ఆల్బమ్‌లను మళ్లీ తెచ్చాడు. అదే ఏడు లండన్‌లో నిక్ కేవ్ నడిపిన మెల్ట్‌డౌన్ ఉత్సవంలో హేజిల్‌వుడ్ వేదికెక్కాడు. 2006లో ‘కేక్ ఆర్ డెత్’ అనే చివరి రికార్డు చేశాడు, మరుసటి ఏడు ఆగస్టు 4న మూత్రపిండాల క్యాన్సర్‌తో పోయాడు.

అతన్ని కొత్తగా వినబోయేవారికి నేను ‘బూట్స్’ చెప్పను, అది ఎక్కడో ఒకచోట చెవిన పడే ఉంటుంది. 1963 నాటి ‘ట్రబుల్ ఈజ్ ఎ లోన్‌సమ్ టౌన్’తో మొదలుపెట్టమంటాను. ఓక్లహోమా ఊళ్లను తలపించే ఓ కల్పిత ఊరు, ఆ ఊళ్లో ఒక్కొక్కరి గురించి ముందు నాలుగు మాటలు చెప్పి తరవాత పాట. గిటార్, గొంతు, ఊరినిండా మనుషులు. ట్యాంకు ప్రతిధ్వని కూడా లేదు.