తడిసిన ప్లగ్, బిగుసుకున్న ప్రొపెల్లర్

మోడల్ విమానాలు ఎగరేసే మైదానంలో కొత్తగా చేరినవాళ్లకు తప్పని ఇబ్బంది ఒకటుంది. ప్రొపెల్లర్‌ని ఎంతసేపు తిప్పినా ఇంజన్ అందుకోదు. ఎగ్జాస్ట్‌లోంచి ఇంధనం కారుతుంది. కాసేపటికి ప్రొపెల్లర్ ఒకచోట బిగుసుకుపోతుంది. ‘ఫ్లడ్ అయింది’ అంటారు పక్కనున్నవాళ్లు. ఆ సమయంలో ఎలక్ట్రిక్ స్టార్టర్ అందుకుంటే ఇంజన్‌కి ముప్పే. గాలిని నొక్కితే నలుగుతుంది, ద్రవం నలగదు. నిండిన ఇంధనం మీదికి పిస్టన్‌ని బలవంతంగా తోస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఈ చిన్న ఇంజన్లలో స్పార్క్ ఉండదు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ మార్కెట్లోకి తెచ్చిన గ్లో ప్లగ్ ఆ అవసరాన్నే తీసేసింది. ప్లగ్‌లోని ప్లాటినం తీగచుట్టను 1.5 వోల్టుల బ్యాటరీతో ఎర్రబడేలా చేస్తాం. ఇంజన్ అందుకున్నాక మిథనాల్ ఆవిరి, ప్లాటినం, కంప్రెషన్ వేడి కలిసి ఆ ఎరుపును ఆరనివ్వవు. మిథనాల్ ఆవిరిగా కాక ద్రవంగా వచ్చి పడితే మాత్రం తీగ చల్లారిపోతుంది. ఇంధనంలో మిథనాల్‌తో పాటు నూనె కూడా ఉంటుంది. మన పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆముదం ఈ పనికి పాతకాలం నుంచీ పేరుపడ్డది. బాగా వేడెక్కినా లోహాన్ని వదలదు.

ఫ్లడ్ అయిన ఇంజన్‌కి వైద్యం సులువే. ముందు బ్యాటరీ క్లిప్ తీసేయాలి. ఇంధనాన్ని అదుపుచేసే నీడిల్ వాల్వ్ మూసి, ప్లగ్ విప్పి, విమానాన్ని బోర్లించి, ప్లగ్ రంధ్రం నేలవైపు ఉండగా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. ఇంధనం చిమ్ముతూ బయటికొస్తుంది. మొహం దూరంగా పెట్టుకోవడం తప్పనిసరి, మిథనాల్ కంటికి చాలా ప్రమాదం. దాని మంట ఎండలో దాదాపు కనిపించదు కాబట్టి వెలిగే ప్లగ్ దరిదాపుల్లో ఉండకూడదు. పాత స్కూటర్ల ప్లగ్ విప్పి తుడిచి, ఖాళీగా నాలుగు కిక్కులు కొట్టినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు.

అసలు తెలుసుకోవాల్సింది ఇంజన్ ఎందుకు మునిగిందన్నది. చాలాసార్లు తప్పు ఇంధనానిది కాదు, ప్లగ్‌ది. ప్లగ్ కాలిపోయినా, బ్యాటరీ దిగిపోయినా ఇంజన్ అందుకోదు. తిప్పిన ప్రతిసారీ మాత్రం ఇంకాస్త ఇంధనం లోపలికి లాక్కుంటుంది. అందుకే విప్పిన ప్లగ్‌ని, చిమ్మిన ఇంధనమంతా తుడిచేశాక, దూరంగా తీసుకెళ్లి బ్యాటరీకి కలిపి చూడాలి. తీగచుట్ట మొత్తం ప్రకాశవంతమైన నారింజ రంగులోకి రావాలి. మసకగా ఉంటే బ్యాటరీ మార్చి చూడాలి, అప్పటికీ మారకపోతే ప్లగ్ మార్చాలి.

ప్లగ్ బాగుండి కూడా ప్రతిసారీ మునుగుతోందంటే ట్యాంక్ వైపు చూడాలి. దాని మధ్య గీత నీడిల్ వాల్వ్‌కి సమంగానో, కొద్ది మిల్లీమీటర్లు కిందనో ఉండాలి. పైకి ఉంటే విమానం ఊరికే నిలబడి ఉన్నా ఇంధనం కార్బురేటర్‌లోకి దిగుతూనే ఉంటుంది. సిలిండర్ తలకిందులుగా బిగించిన విమానాల్లో ఆ ఇంధనమంతా నేరుగా ప్లగ్ మీదికే చేరుతుంది. వాటిని వెల్లకిలా తిప్పి స్టార్ట్ చేయడం మేలు.

ఇక చోక్, అది ఎక్కువైనా ఇంజన్ మునుగుతుంది. కార్బురేటర్ నోటిని వేలితో మూసి ప్రొపెల్లర్ తిప్పుతున్నప్పుడు కన్ను పారదర్శకమైన ట్యూబ్ మీదే ఉండాలి. ఇంధనం కార్బురేటర్‌ని తాకగానే వేలు తీసేయాలి. ఆ తర్వాత ఒక్క చుట్టు చాలు.