వాల్వు విద్య

సంగీతమును ఇంటనే కూర్చుండి వినగోరువారు ఆంప్లిఫయరు కొనబోవునప్పుడు మొట్టమొదట తేల్చుకొనవలసినది వాల్వుదా, ట్రాన్సిస్టరుదా అనునది. ధరలో, శక్తిలో, పరికరములు చూపు కొలతలలో ట్రాన్సిస్టరుదే పైచేయి యని ముందుగానే ఒప్పుకొందును. అయినను గాత్రమును, వీణను, ఫిడేలును ప్రాణసమముగా చూచుకొను శ్రోతకు వాల్వే తగినదని నా దృఢవిశ్వాసము.

1904లో ఫ్లెమింగు నిర్మించిన శూన్యనాళమునకు, అనగా వాల్వునకు, 1906లో డి ఫారెస్టు గ్రిడ్డును చేర్చెను. చరిత్ర ఇంతమాత్రము చాలును. వేడెక్కిన కాథోడునుండి ఆనోడునకు పరుగిడు ఎలక్ట్రానులను నడుమనున్న గ్రిడ్డుమీది స్వల్పసంకేతము శాసించును. కాని అసలు విద్య నాళములో లేదు, దాని వెనుకనున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో కలదు. 5,000 ఓముల భారమును కోరు వాల్వును 8 ఓముల స్పీకరుతో సంధింపవలెనన్నచో ప్రైమరీ చుట్లు సెకండరీకి 25 రెట్లుండవలెను. ఈ లెక్క బడిపిల్లవాడైనను చేయగలడు. చుట్లు తగ్గినచో మంద్రస్థాయి చిక్కిపోవును. వేలకొలది చుట్లు ఒక్కచోట పేరుకొన్నచో తారస్థాయి కృశించును. అందుచే నిపుణుడు ప్రైమరీని ఖండములుగా విభజించి, ఖండమునకును ఖండమునకును నడుమ సెకండరీ పొర నొకటి దూర్చి, పొరపొరకు పలుచని కాగితము వేయుచు, తీగ బిగువు సడలనీయక చుట్టుకొనిపోవును. ఒకే నాళముతో నడచు సింగిల్-ఎండెడ్ పద్ధతిలో ఇనుపరేకుల నడుమ కాగితపు మందముపాటి సందును విడువవలెను. సందు మితిమీరినచో మంద్రము పలుచబడును, చాలనిచో ఇనుము సంతృప్తమై నాదము చెడును. ఆ చేతివాటమునకు నేను శతసహస్ర నమస్కారములు చేయుదును!

1947లో విలియమ్సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించిన ఆంప్లిఫయరు 15 వాట్ల శక్తినిచ్చుచును వికృతిని నూటికి 0.1 పాలుకు మించనీయలేదు. ట్రాన్స్‌ఫార్మరును సైతము లోగొని, అవుట్‌పుట్ సంకేతములో కొంతను మొదటికి మరల్చు ఫీడ్‌బ్యాక్‌ను 20 డెసిబెల్సు మేర తిప్పిన సాహసమది. ట్రాన్స్‌ఫార్మరు ఏమాత్రము నాసిరకమైనను యంత్రము తనంత తానే కూయనారంభించును. ఆ సంవత్సరము డిసెంబరులోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టుట విధివిలాసము కాబోలు! 1953లో పీటర్ వాకర్ క్వాడ్ టూ ఆంప్లిఫయరును వెలువరించి, రెండు కెటి66 నాళముల కాథోడులకును ట్రాన్స్‌ఫార్మరులోనే వేరొక చుట్టు కల్పించి, మరియొక మెట్టు పైకెక్కెను. ఇక 1938 నాటి వెస్టర్న్ ఎలక్ట్రిక్ 300బి నాళము ఒంటరిగా నిలిచి ఇచ్చునది ఎనిమిది వాట్లే. ఆ ఎనిమిది వాట్లలోని గాత్రమాధుర్యమును విన్నవారు వాట్ల లెక్కయే మరతురు.

తొలితరపు ట్రాన్సిస్టరు యంత్రములలో తరంగపు పైసగమును ఒక ట్రాన్సిస్టరు, క్రిందిసగమును వేరొకటి మోయుచు, చేతులు మారుచోట చిన్న గంటు పడుచుండెను. పెద్ద ధ్వనిలో అది మరుగుపడును, నాదము సన్నగిలిన కొలదియు బయటపడును. ద్వారం వేంకటస్వామి నాయుడుగారి కమాను తీగపై కడకంటా సన్నగిల్లు తావును అటువంటి యంత్రముపై విన్నచో, గరగర తప్ప ఏమి మిగులును? నేటి ట్రాన్సిస్టరులలో ఆ దోష మణగినది గాని, శక్తికి మించి మోయించినప్పుడు అవి తరంగశిఖరమును కత్తితో కోసినట్లు కోయును. వాల్వు దానిని నెమ్మదిగా గుండ్రపరచును.

బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి నాళములు మన ఇంటింటి రేడియోలలో వెలిగిన కాలము గతించినది. నేడు వానికొరకు రష్యా, స్లొవేకియా, చైనాలవైపు చూడవలసివచ్చుచున్నది. అంతకంటె ఘోరమైనది మోసము. నాళము క్రింద నారింజరంగు ఎల్‌ఇడి దీపమును దాచి, స్పీకరును నడుపుపని వేలెడంత చిప్పున కప్పగించి, వాల్వు ఆంప్లిఫయరని బజారున అమ్ముచున్నారు! కొత్తనాళమునకు పాత ముల్లార్డ్ సంస్థ ముద్ర కొట్టి పదిరెట్లు ధర గుంజువారు వేరొక జాతి. ఇది కళకు ద్రోహము, తీగ చుట్టి కన్నులు పోగొట్టుకొన్న పనివానికి అవమానము.

కనుక కొనబోవు రసికులారా, వెలుగును చూచి మురియకుడు. కరెంటు తీయించి, దుకాణదారుచేతనే మూత విప్పించి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులు కలవో లేవో, ఉన్నచో ఎంత బరువైనవో చూడుడు. మీ స్పీకరు సున్నితత్వము 90 డెసిబెల్సుకు తక్కువైనచో 300బి జోలికి పోక, జంట ఇఎల్34 నాళముల యంత్రమును తీసికొనుడు. ధనము చాలనిచో మంచి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునే కొనుడు, అందు తప్పులేదు. వేషధారి వాల్వును మాత్రము గడప దాటనీయకుడు.