సిసిలీ సేనానుల చరిత్ర: అమారీ కూర్పుపై ఒక పరిశీలన

నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నుండి పాలించిన అగ్లబీ అమీర్లు హిజ్రీ 212 (క్రీ.శ. 827)లో సముద్రం దాటించి సిసిలీ ద్వీపానికి సైన్యాన్ని పంపారు. అక్కడ ఒకరి తర్వాత ఒకరుగా సేనాధిపత్యం వహించిన వారెవరు? వారి అధికారం ఎక్కడి నుండి వచ్చింది? సిసిలీ ముస్లిములు తమ ద్వీపాన్ని గురించి రాసుకున్న చరిత్రలు కాలగర్భంలో కలిసిపోయినందున ఈ ప్రశ్నలకు జవాబు తేలిక కాదు.

ఆ జవాబును మొదట సమగ్రంగా కూర్చినవాడు పలెర్మోలో పుట్టిన మిషెల్ అమారీ (1806–1889). స్వదేశం విడిచి పారిస్ చేరి, అక్కడ అరబీ నేర్చుకుని, సిసిలీ ప్రస్తావన ఉన్న అరబీ మూలాలను ఏరి 1857లో ఒక సంకలనంగా అచ్చు వేయించాడు. వాటి ఆధారంగా 1854–1872 మధ్య 'సిసిలీ ముస్లిముల చరిత్ర'ను వెలువరించాడు. ముస్లిమేతరుడు చేసిన ఈ సేవను మెచ్చుకోకపోవడం అన్యాయం.

అయితే ఈ కూర్పులోని అతుకులను గుర్తించడం కూడా అవసరమే. సేనానుల వరుసకు ముఖ్యాధారాలైన ఇబ్నుల్ అసీర్ 1233లోను, నువైరీ 1333లోను మరణించారు. అంటే తొలి దండయాత్రకు నాలుగైదు శతాబ్దాల తర్వాతి వారు. వారి మాటలను ఒకే కథగా అల్లినపుడు, గట్టి సాక్ష్యానికీ బలహీన సాక్ష్యానికీ ఉన్న తేడా పాఠకుని కంటికి ఆనదు. అమారీ ఆ తేడాలను అధోజ్ఞాపికలలో చర్చించాడు. కాని జ్ఞాపికలు వదిలి కథను మాత్రమే తీసుకునేవారికి అనుమానాలు కూడా నిశ్చయాలుగా కనిపిస్తాయి.

తొలి సేనాని అసద్ బిన్ అల్‌-ఫురాత్ (రహ్)ను చూడండి. ఇమామ్ మాలిక్ (రహ్), ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్) గార్ల శిష్యుడు; ఖైరవాన్ ఖాజీ. 828లో సిరక్యూస్ ముట్టడి కాలంలో మరణించారు. వారి చదువు, ప్రయాణాలు, గురువులు అన్నీ మనకు తెలుసు. కారణం వారి సేనాధిపత్యం కాదు, వారి విద్య. ఉలమాల జీవితాలను గ్రంథస్థం చేసినవారు వారిని తమవారిగా ఎంచుకున్నారు.

వారి తర్వాత సైనికులే ఎన్నుకున్న ముహమ్మద్ బిన్ అబిల్ జవారీకి ఆ భాగ్యం లేదు. మరుసటి ఏడే ఆయన మరణించారు. పుస్తకాలు ఆయనకిచ్చిన చోటు కొన్ని వాక్యాలే. కాని హిజ్రీ 214లో సిసిలీలో అచ్చయిన వెండి నాణెంపై ఆయన పేరు 'ముహమ్మద్ బిన్ అల్‌-జవారీ' అని ఉంది. శతాబ్దాల తర్వాతి గ్రంథం కంటే ఆనాటి నాణెం బలమైన సాక్షి. తదుపరి సేనానిని కొందరు జుహైర్ అంటారు, కొందరు జుబైర్ అంటారు. అరబీ లిపిలో ఒక చుక్క, ఒక వంపు తారుమారైతే మనిషి పేరే మారిపోతుంది. ఇక్కడ నాణెం వంటి సాక్షి లేనపుడు రెండు పేర్లనూ చెప్పి ఊరుకోవడమే నిజాయితీ.

869లో ఖఫాజా బిన్ సుఫ్యాన్‌ను ఆయన సైనికుడే చంపాడు. రెండేళ్ళకు ఆయన కుమారుడు ముహమ్మద్ తన సేవకుల చేతిలోనే హతుడయ్యాడు. ఈ సంగతులను దాచనివారు ముస్లిం చరిత్రకారులే. విజయాలను మాత్రమే ఏరి గర్వపడే నేటి రచయితలు వారి నుండి నేర్చుకోవలసినది ఉంది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించిన ఉర్దూ నవలాకారుడు అజీజ్ అహ్మద్ 1975లో ఇంగ్లీషులో 'ఇస్లామీయ సిసిలీ చరిత్ర' వెలువరించారు. ఈ విషయంపై మన ప్రాంతపు పాఠకునికి అది దగ్గరి ద్వారం. ఆ ద్వారం గుండా వెళ్ళి అమారీ జ్ఞాపికల దాకా నడవాలి.

హదీసు విద్యలో రావీ ఎవరో తెలియనిదే మాట స్వీకరించరు. సముద్రం అవతల మరణించిన ఈ సేనానుల విషయంలోనూ ఆ జాగ్రత్తే వారికి చెల్లించవలసిన బాకీ. తెలిసినంతే చెప్పడం వారిని చిన్నబుచ్చడం కాదు. లేని కథ అంటగట్టడమే వారికి చేసే అన్యాయం.