ప్రాథమిక తరగతిగదిలో తెర – పరికరం, వంతు, న్యాయం: గోదావరి డెల్టా బడుల దృష్ట్యా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోకి 2019 తరువాత డిజిటల్ పరికరాలు పెద్దయెత్తున వచ్చాయి. వీటిపై చర్చ చాలావరకు ఎన్ని బడులకు ఎన్ని పరికరాలు అందాయన్న లెక్క చుట్టూ సాగింది. ప్రాథమిక తరగతుల విషయంలో ఈ లెక్క న్యాయాన్ని కొలవజాలదని, పాఠంలో ప్రతి బిడ్డకూ దక్కే 'వంతు'నే కొలమానంగా తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరికర స్వభావం, ఉపాధ్యాయుల సంఖ్య, బోధనభాష, ఇంటి పరిస్థితి, పాఠ్యాంశాల యాజమాన్యం అనే అంశాల ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, స్మార్ట్ టీవీ, నాడు–నేడు, బహుళతరగతి బోధన, సమానత్వం, గోదావరి డెల్టా.

1. ప్రస్తావన

పెనుగొండ ప్రాంతంలో వ్యవసాయం ఎరిగినవారికి 'వంతు' అనే మాటను విడమరచి చెప్పనక్కరలేదు. దాళ్వా కాలంలో గోదావరిలో నీరు తగ్గితే డెల్టా కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు. ఆయకట్టు లెక్కల్లో ఎగువ చేను, శివారు చేను రెండూ సమానమే. నీరు అందడంలో మాత్రం ఆ సమానత్వం కనిపించదు. అందుకే శివారు రైతు కాలువ ఉందా అని అడగడు; తన చేనికి నీరు ఎక్కిందా అని అడుగుతాడు.

తరగతిగదిలోని సాంకేతికతనూ ఈ ప్రశ్నతోనే పరీక్షించవలసి ఉంది. బడికి తెర వచ్చిందనడం కాలువ తవ్వారనడం వంటిది. వెనుక వరుసలో కూర్చున్న, మాట పెగలని, నిన్న బడికి రాని బిడ్డకు ఆ తెర వల్ల ఏమి అందిందన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నను వదిలి మొదటిదానితో తృప్తిపడటమే ప్రస్తుత చర్చలోని ప్రధాన లోపం.

2. పరికరాల కేటాయింపులోని శ్రేణి

'మన బడి నాడు–నేడు' కార్యక్రమం 2019 నవంబరు 14న ప్రారంభమైంది. మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు వంటి కనీస వసతులతోపాటు డిజిటల్ బోధనోపకరణాలూ క్రమంగా బడులకు చేరాయి. 6వ తరగతి, ఆపై తరగతుల గదులకు స్పర్శతో పనిచేసే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు కేటాయించారు. 8వ తరగతి విద్యార్థులకు 2022 డిసెంబరులో ట్యాబులు పంపిణీ చేశారు.

ఈ కేటాయింపులో ఒక శ్రేణి స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద పిల్లవానికి చేతిలో పట్టుకునే పరికరం, మధ్య వయసువానికి ముట్టుకోగల పరికరం, అందరికంటే చిన్నవానికి చూడటానికి మాత్రమే పనికివచ్చే పరికరం దక్కాయి. ఆర్థిక కారణాలు, పరికరాల భద్రత దీనికి కారణాలు కావచ్చు. బోధనశాస్త్ర దృష్టితో చూస్తే మాత్రం ఇది తలకిందుల వరుస. చేతితో తాకి, పేర్చి, దిద్ది నేర్చుకోవలసిన వయసు ప్రాథమిక దశే. ఆ దశకే చేతికి పనిలేని సాధనాన్ని ఇవ్వడం విమర్శకు నిలవదు. అయితే చిన్నపిల్లలకూ ట్యాబులు పంచాలన్నది ఈ వ్యాసం వాదన కాదు. చేతికి పని కల్పించే సాధనం డిజిటల్ సాధనమే కానక్కరలేదు.

3. చూపించే సాధనం – చేయించే సాధనం

తెలుగు పిల్లలకు తెరపై పాఠం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను చేర్చింది. వాటిలో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్ వంటి జిల్లాల గ్రామాలూ ఉన్నాయి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. కోవిడ్ కాలంలో 2020లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. రెండింటికీ నాలుగున్నర దశాబ్దాల దూరం ఉన్నా స్వభావం ఒక్కటే. ప్రసారం ప్రశ్నను వినదు; అర్థంకాని చోట ఆగదు.

స్మార్ట్ టీవీని ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. ఆ మీట ఉపాధ్యాయుని చేతిలో ఉండటమే దీనికీ ఆనాటి టెలివిజన్‌కూ ముఖ్యమైన భేదం. ఆ మీటను వాడకుండా వీడియోను మొదటినుంచి చివరిదాకా నడిపి, ఆపైన పిల్లలచేత ముక్తకంఠంతో పలికిస్తే, అక్కడ జరిగేది వీధిబడి వల్లెవేతే. అప్పుడు పరికరం మారుతుంది గాని పద్ధతి మారదు.

వీధిబడిలో వల్లెవేతతోపాటు మరొకటీ ఉండేది. అది ఇసుక. 1789లో మద్రాసు అనాథాశ్రమ పర్యవేక్షకునిగా చేరిన ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి దాన్ని తన పద్ధతిలో చేర్చుకొన్నాడు. 1797లో లండన్‌లో ఆ ప్రయోగాన్ని ప్రచురించాడు. ఇసుకలో ప్రతి బిడ్డ వేలూ కదులుతుంది. తప్పు వెంటనే కనిపిస్తుంది, వెంటనే చెరిగిపోతుంది. 40 నిమిషాల పీరియడ్‌లో 30 మంది పిల్లలు ఒకే స్పర్శాతెర దగ్గరకు వంతులవారీగా వెళితే ఒక్కొక్కరికి దక్కేది 80 సెకన్లు. ముప్పై పలకలుంటే ముప్పై మందికీ 40 నిమిషాలు దక్కుతాయి. న్యాయాన్ని వంతుతో కొలిస్తే ఖరీదైన సాధనమే మెరుగైనదన్న భావన నిలవదు.

4. ఉపాధ్యాయునికి తోడా, బదులా?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. తరగతులు మాత్రం ఐదు. అంటే చట్టం పూర్తిగా అమలైన బడిలో కూడా, తరగతులను కలిపి కూర్చోబెడితే తప్ప, ఏ క్షణంలోనైనా కనీసం మూడు తరగతుల ముందు ఉపాధ్యాయుడు ఉండడు. ఇటువంటి బడికి వచ్చిన టీవీ, ఎవరి ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, మూడో ఉపాధ్యాయుడుగా మారే ప్రమాదం ఉంది. ఒక తరగతిని తెరకు అప్పగించి మరొక తరగతికి పాఠం చెప్పడం ఉపాధ్యాయుని బాధ్యతారాహిత్యం కాదు. ఆ ఏర్పాటులోనే ఉన్న ఒత్తిడి ఫలితం.

ఈ ప్రమాదానికి పరిశోధన ఆధారాలున్నాయి. గుజరాత్‌లోని జ్ఞానశాల తరగతుల్లో కంప్యూటర్ బోధనపై లీ లిండెన్ 2008లో వెలువరించిన అధ్యయనం రెండు ఏర్పాట్లను పరిశీలించింది. బడి సమయంలో ఉపాధ్యాయుని బోధనకు బదులుగా కంప్యూటర్‌ను వాడినచోట పిల్లల అభ్యసనం తగ్గింది. బడివేళల తరువాత అదనంగా వాడినచోట పెరిగింది. సాధనంలో భేదం లేదు; దాని స్థానంలోనే ఉంది. అంతకుముందు 2007లో బెనర్జీ, కోల్, డుఫ్లో, లిండెన్ ప్రచురించిన వడోదర అధ్యయనంలో 4వ తరగతి పిల్లలు ఇద్దరేసి ఒక కంప్యూటర్ దగ్గర వారానికి రెండు గంటలు గణితపు ఆటలు ఆడారు. వారి గణిత ఫలితాలు గణనీయంగా మెరుగయ్యాయి. లెక్కల కఠినత బిడ్డ స్థాయిని అనుసరించి మారడం, ఇద్దరు కలిసి ఆలోచించడం అక్కడ గమనార్హం. కార్యక్రమం ఆగిన తరువాత ఆ లాభంలో ఎక్కువ భాగం కరిగిపోవడం కూడా అంతే గమనార్హం.

కాబట్టి సాంకేతికతను ఉపాధ్యాయ నియామకాల నుంచి వేరుచేసి చర్చించడం సరికాదు. 2022లో 117వ జీవో ప్రకారం అనేకచోట్ల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో ఆ విధానాన్ని ఉపసంహరించి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటుచేశారు. తెరను బదులుగా కాక తోడుగా వాడగల పరిస్థితి ఇటువంటి బడిలోనే సాధ్యం. ఉపాధ్యాయుని సమయాన్ని సాంకేతికతే హరించే సందర్భాలూ ఉన్నాయి. 2022 ఆగస్టులో ముఖ ఆధారిత హాజరు యాప్‌ను ప్రవేశపెట్టినప్పుడు, దాన్ని సొంత ఫోన్లలో వేసుకోవలసి రావడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. పాఠానికి తెర, పర్యవేక్షణకు యాప్ అన్న ఈ జంట ఏర్పాటులో ఉపాధ్యాయుని బోధనా వేళ ఎంత మిగిలిందన్నది పరిశోధించదగిన అంశం.

5. భాష, ఇల్లు, యాజమాన్యం

తెరపై పాఠం ఒకే భాషారూపంలో ఉంటుంది. తరగతిలోని పిల్లలు భిన్న భాషారూపాలతో వస్తారు. 2020 తరువాత పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషులతో వెలువడ్డాయి. పుస్తకంలో పక్క పుట చూసుకునే వీలుంది. ఇంగ్లీషులో సాగే వీడియోలో ఆ వీలు లేదు. సార్వా, దాళ్వా, బోదె వంటి మాటలతో పెరిగిన డెల్టా బిడ్డకు నీటిపారుదల పాఠాన్ని తెర పరాయి మాటల్లో చెబితే, తెలిసిన విషయమే తెలియనిదవుతుంది. వీడియోను ఆపి 'మన ఊళ్లో దీన్నేమంటారు?' అని ఉపాధ్యాయుడు అడిగిన క్షణంలోనే ఆ పాఠం ఆ బిడ్డది అవుతుంది.

ఇంటి విషయంలో అసమానత ఇంకా తీవ్రం. దీక్షా వేదిక 2017లో వచ్చింది. పుస్తకంలోని క్యూ.ఆర్. కోడ్‌ను ఆ వేదికపై తెరవడానికి ఫోను, డేటా, తోడుగా కూర్చునే పెద్దలు కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఉదయాన్నే పనికి వెళ్లే తండ్రితో పోతే, వాట్సాప్‌లో వచ్చిన ఇంటిపని రాత్రిదాకా ఆగుతుంది. ఆ రాత్రి కూడా ఫోను ముందుగా అన్న చేతికి వెళుతుందా, చెల్లి చేతికా అన్న ప్రశ్న మిగులుతుంది. బడి ఇవ్వని పరికరం మీద ఆధారపడే ఇంటిపని న్యాయమైనది కాదు.

మూడోది యాజమాన్యం. 2022 జూన్‌లో రాష్ట్రప్రభుత్వం 4 నుంచి 10 తరగతుల పాఠ్యాంశాల కోసం బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకొంది. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియకు ట్రిబ్యునల్ అనుమతించింది. ఆ పాఠాల గుణదోషాలు ఎలా ఉన్నా, ప్రభుత్వబడి పాఠం ఒక వ్యాపారసంస్థ ఆయుర్దాయంపై ఆధారపడరాదన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

6. ముగింపు

తెర నిరుపయోగమని ఈ చర్చకు తాత్పర్యం కాదు. కొండను చూడని డెల్టా బిడ్డకు కొండను, గుండె కొట్టుకునే తీరును, విత్తనం మొలకెత్తే క్రమాన్ని పలక చూపలేదు. చూపవలసినది చూపి, ఆపి, అడిగి, పలక మీదికి మళ్లించే ఉపాధ్యాయుని చేతిలో తెర విలువైన సాధనం. ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ప్రాథమిక దశలో సమానత్వానికి కొలమానం పరికరాల సంఖ్య కాదు. ప్రతి బిడ్డకూ దక్కిన వంతు.
2. తెరను అదనంగా వాడితే మేలు. ఉపాధ్యాయునికి బదులుగా వాడితే హాని. ఆ హాని ముందుగా తాకేది ఉపాధ్యాయులు తక్కువైన బడులనే.
3. వీడియో పాఠాల్లో స్థానిక వ్యవహారానికి, ఆపి అడగడానికి చోటుండాలి.
4. ఇంటిపని ఫోను లేకుండా పూర్తిచేయగలిగేదిగా ఉండాలి.
5. పాఠ్యాంశాలు ప్రజల ఆస్తిగా ఉండాలి.

పరికరాలు అందిన బడుల జాబితా ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ తరగతుల్లో వెనుక వరుస బిడ్డ వారంలో ఎన్నిసార్లు నోరు విప్పాడో, ఎన్నిసార్లు చేయి కదిపాడో నమోదుచేసే పరిశోధనలు తెలుగునాట జరగవలసి ఉంది. శివారు చేనికి నీరు ఎక్కిందో లేదో గట్టు మీద నిలబడి చూస్తేనే తెలుస్తుంది.