ఏమీ జరగని రాత్రుల గురించి

ఈ శీర్షికకు ఏడాది నిండింది. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, రైల్వేల్లో తెర వెనక నడిచే పెద్ద కంప్యూటర్ల గురించి, వాటి మీద తిరిగే కోబాల్, జేసీఎల్ భాషల గురించి, డీబీ2 డేటాబేస్ గురించి వారం వారం రాస్తానంటే ఎడిటర్ గారు ఒకటే అడిగారు: ‘ప్రతి వారం రాయడానికి అందులో ఏం జరుగుతుంది?’ న్యాయమైన ప్రశ్నే. ఏడాది పొడవునా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే రాశాను. ఈ రంగంలో పనిచేసేవాళ్లను రాత్రి ఎలా గడిచిందని అడిగితే, వాళ్లు ఎంతో తృప్తిగా చెప్పే మాట ‘ఏమీ జరగలేదండీ’ అనేదే. పత్రికలకేమో ఏదో ఒకటి జరిగితే తప్ప వార్త లేదు. ఏమీ జరగకుండా చూసేవాళ్ల పనిని రాయడం ఎలా అన్నదే నా ఏడాది చదువు.

పగలు బ్యాంకు లావాదేవీలు ముగిశాక బ్యాచ్ మొదలవుతుంది. వడ్డీలు లెక్కగట్టాలి, వాయిదాలు మినహాయించాలి, ఇతర బ్యాంకుల నుంచి వచ్చిన ఫైళ్లను సరిచూడాలి, స్టేట్‌మెంట్లు తయారవ్వాలి. వందల జాబ్‌లు, ఒకటి ముగిస్తే గానీ ఇంకొకటి కదలదు. తెల్లారి శాఖలు తెరిచేలోగా అంతా అయిపోవాలి. అమెరికా తూర్పు తీరాన అర్ధరాత్రి అయ్యేసరికి మనకు పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలోనైతే పదిన్నర. అందుకే అక్కడి బ్యాంకుల రాత్రిపనిని గచ్చిబౌలిలో పట్టపగలు కూర్చుని కాపలా కాసేవాళ్లున్నారు. ఇక్కడి రాత్రుల్లో ఆ బ్యాంకుల పగటిపని చూసేవాళ్లూ ఉన్నారు.

ఆ కాపలా ఏమిటో చెప్పడానికి నేను పదే పదే ఆశ్రయించిన ఉదాహరణ ‘సాక్ సెవెన్’. తెర మీద అది ఎస్0సీ7 అని కనిపిస్తుంది. కోబాల్‌లో డబ్బు లెక్కలను ఎక్కువగా ప్యాక్డ్ డెసిమల్ రూపంలో దాస్తారు. ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు, చివరి అర బైట్‌లో మాత్రం ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తు. మామూలు ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, ఎక్కడో పదిహేడో స్థానంలో తేడా పడుతుంది. రాకెట్ దారి లెక్కకు అది సమస్య కాకపోవచ్చు, ఖాతా పుస్తకంలో మాత్రం కుదరదు. అందుకే మనం కాగితం మీద వేసినట్టు పదుల లెక్కే ఇక్కడ కావాలి. ఇప్పుడు ఏదో ఫైల్‌లో సున్నా ఉండాల్సిన చోట ఎవరో ఖాళీ వదిలారనుకోండి. మెయిన్‌ఫ్రేమ్ అనే ఈ పెద్ద కంప్యూటర్లు వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో ఖాళీ అంటే హెక్సాడెసిమల్‌లో 40. అంటే గుర్తు ఉండాల్సిన చోట సున్నా ఉంటుంది. కూడమని ఆజ్ఞ అందిన ప్రాసెసర్ ఇది లెక్కకు పనికిరాదని పట్టుకుంటుంది, జాబ్ ఆగిపోతుంది, ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల ఫోన్ మోగుతుంది.

ఖాళీని సున్నా అనుకుని ముందుకు పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పోకపోవడమే నాకు ఎంతో నచ్చిన సంగతి. ఒకరి జీతం గురించి, ఒకరి పింఛను గురించి యంత్రం ఊహించి లెక్క వేయదు. తెలియకపోతే ఆగిపోతుంది. ఆగిన చోట ఒక మనిషి వచ్చి, ఆగిన క్షణంలోని మెమరీ నకలు (డంప్) తెరిచి, ఏ రికార్డు, ఏ ఫీల్డు, ఎవరు పంపారు అని తేల్చి, సరిచేసి, ఆగిన మెట్టు నుంచి మళ్లీ నడిపిస్తారు. పొద్దున్నే ఏటీఎం దగ్గర నిలబడ్డవాళ్లకు ఇదేమీ తెలియదు.

తెలియకుండా జరిగిన పనికి చరిత్రలో దక్కిన అన్యాయం చూడాలంటే వైటూకే చాలు. కంప్యూటర్లో జాగా ఖరీదైన రోజుల్లో సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించారు. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకునే ప్రమాదం. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మన పిల్లలు ఎందరో ఈ పని మీదే అమెరికా విమానం ఎక్కారు. 1998 చివర్లో అక్కడి ప్రభుత్వం హెచ్‌1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది కూడా. లక్షల లైన్ల కోడ్‌ను జల్లెడ పట్టారు. తీరా 2000 జనవరి 1న చెప్పుకోదగ్గ అనర్థం ఏదీ జరగలేదు. వెంటనే ‘అదంతా వట్టి భయం, డబ్బు దండగ’ అన్నారు. పని సరిగ్గా జరిగినందుకు, అసలు పనే లేదన్న తీర్పు వచ్చింది. ఆ తీర్పు తప్పు. ఇప్పటికీ ఎక్కడ ఆ మాట విన్నా నాకు కోపం వస్తుంది.

ఇంకో అన్యాయం 2020 ఏప్రిల్‌లో జరిగింది. కొవిడ్ దెబ్బకు అమెరికాలో నిరుద్యోగ భృతి కోసం ఒక్క వారంలోనే 60 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడిగారు. పాత భాష కుప్పకూలిందని ప్రపంచమంతా రాసింది. అయితే దరఖాస్తులు తీసుకునే వెబ్ భాగమే మొరాయించిందని, వెనక ఉన్న కోబాల్ నడుస్తూనే ఉందని చరిత్రకారుల్లో మార్ హిక్స్ వంటివారు తర్వాత వివరించారు. ఆ వివరణ మొదటి శీర్షికలు చేరినంత దూరం చేరలేదు.

పాత ప్రోగ్రాములను ఇన్నేళ్లు నడిపించే ఈ ఓర్పు దానంతట అదే వచ్చిన యంత్రగుణం కాదు, మనుషులు తీసుకున్న నిర్ణయం. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టం/360ని ప్రకటించేదాకా, కొత్త మోడల్ కొంటే చాలాసార్లు ప్రోగ్రాములన్నీ మళ్లీ రాసుకోవాల్సిందే. జీన్ ఆమ్‌డాల్, ఫ్రెడ్ బ్రూక్స్ తదితరులు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా అన్ని యంత్రాలకూ ఒకే ఆజ్ఞల పట్టిక ఉండేలా రూపకల్పన చేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కూడా పాత ప్రోగ్రాములను తోసేయకుండా మోసుకొచ్చారు. చంద్రుడి మీదికి వెళ్లే రాకెట్ విడిభాగాల జాబితా కోసం 1960ల్లో మొదలైన ఐఎంఎస్ డేటాబేస్ నేటికీ బ్యాంకుల్లో పనిచేస్తోందంటే ఆ నిర్ణయం వల్లే. మరొకరి పాత పనిని పాడు చేయకూడదన్న పట్టుదలకు ప్రతి తరం ఇంజినీర్లూ శ్రమతో మూల్యం చెల్లించారు.

ఇదంతా ఐబీఎం ఒక్కదాని కథ కాదు. మన రైలు రిజర్వేషన్ వ్యవస్థ 1980ల్లో సీఎంసీ సంస్థ చేతుల మీదుగా డిజిటల్ కంపెనీ వ్యాక్స్ యంత్రాల మీద, వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టంతో పుట్టింది. తర్వాత అయిదు కేంద్రాలు కలిసి దేశమంతటికీ టికెట్లు ఇచ్చాయి. ఆ అయిదింటిలో సికింద్రాబాద్ ఒకటి. సంక్రాంతికి ఊరెళ్లిన ప్రతి కుటుంబం ఆ వ్యవస్థ చేతి నీళ్లు తాగినదే.

రాతగాడిగా నాకు కష్టమైంది ఈ పనిని ఉత్కంఠ కథగా మార్చాలన్న ఒత్తిడి. యాక్సిడెంట్ రాస్తే చదివేవాళ్లు ఎక్కువ, నాకూ తెలుసు. కానీ వైఫల్యాల గురించే రాస్తూ పోతే ఈ వ్యవస్థలంటే వైఫల్యాలేనన్న అభిప్రాయాన్ని నేనే కలిగిస్తాను. అందుకే చెడిపోయిన ఒక రాత్రి రాసినప్పుడల్లా, చక్కగా నడిచిన రాత్రి ఎలా నడుస్తుందో అంత ఓపికగానూ రాయాలని నియమం పెట్టుకున్నాను. పాతికేళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఉన్న ఒకావిడ, ‘మేం బాగా చేసిన రోజున మేమున్నట్టే ఎవరికీ తెలియదండీ. మా అబ్బాయికి కూడా నేనేం చేస్తానో చెప్పలేకపోయాను. మీది చదివించాను’ అన్నారు. నా ఏడాది శ్రమకు ఆ మాట చాలు.

వచ్చే ఏడాదికి ఒక పని మిగిలి ఉంది. వైటూకే సమయంలో అన్నిచోట్లా సంవత్సరాన్ని నాలుగంకెలు చేయలేదు. టైమ్ చాలక చాలా ప్రోగ్రాముల్లో ఒక హద్దు పెట్టారు: ఉదాహరణకు 50కి లోపైతే 2000ల్లోది, ఆ పైనైతే 1900ల్లోది. ఆ హద్దు ఒకచోట 30, ఒకచోట 40, మరోచోట ఇంకేదో. ఎక్కడ ఏది పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు ఆనాడు పాతికేళ్ల కుర్రాళ్లు, ఇప్పుడు యాభై దాటారు. వాళ్లలో ఎందరో హైదరాబాద్‌లో, న్యూజెర్సీలో, డల్లాస్‌లో ఉన్నారు. రిటైరయ్యేలోగా వాళ్లను కలిసి, ఏ ప్రోగ్రాంలో ఏ హద్దు ఎందుకు పెట్టారో అడిగి రాసుకోవాలి. వచ్చే వారం మొదటి సంభాషణ.