కుండకి రంగు పూస్తే సరా?

మా కర్లపాలెంలోనూ యీమధ్య ఆడపిల్లలు సెలవుల్లో కుండల మీద బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటున్నారు. సంతోషమే. నా పేచీ అల్లా ఆ నేర్పే పద్ధతితోనే. కాల్చిన కుండ కొనుక్కొచ్చి, ఆక్రిలిక్ రంగులు దిద్ది, పైన వార్నిష్ పూసేస్తే విద్య పూర్తయినట్టే! చూడ్డానికి ముచ్చటగానే వుంటుంది. కాని అందులో నీళ్ళు పోసి చూడండి. కుండ గోడలోని సన్నని రంధ్రాల్లోంచి చెమ్మ పైకొచ్చి ఆవిరవుతుంది గనకనే నీళ్ళు చల్లబడతాయి. ఆ రంధ్రాలు పూడ్చేశాక ఇంక చల్లదనమెక్కడిది?

అసలు మట్టిపాత్రకి సింగారం ఆవంలో పెట్టకముందే మొదలవుతుంది. పచ్చికుండ ఆరీ ఆరనప్పుడు, అంటే పట్టుకుంటే వంగకుండా, గీస్తే గీత పడేటట్టున్నప్పుడు, పల్చగా కలిపిన ఎర్రమట్టి పూత పుయ్యాలి. కాస్త ఆగి గులకరాయితో రుద్దితే నిగనిగలాడుతుంది. పూతని సన్నగా గీకితే అడుగు మట్టిరంగు తేలి లతలవుతాయి. కాలాక ఆ సొగసు కడిగినా పోదు. మన రాక్షసగుళ్ళలో దొరికిన నలుపు-ఎరుపు పాత్రలు రెండువేల యేళ్ళ పైబడినవి. వాటి మెరుపు రుద్దడం వల్ల వచ్చింది. నలుపేమో ఆవంలో గాలి అందక పొగచూరిన భాగానిది.

అయితే కాల్చాక రంగెయ్యడం తప్పంటావా అంటారేమో. అనను. పెళ్ళిళ్ళలో అరివేణి కుండలకి సున్నమూ రంగులూ పూసేది కాల్చాకే కదా! వాటి పని నీళ్ళు చల్లబరచడం కాదు, పందిట్లో శుభంగా కొలువుండడం. పాత్ర దేనికో తెలుసుకుని చేసిన అలంకారం అది. గాజుపూతకీ అదే సూత్రం. పూతలో సీసం వుంటే, చింతపండు పులుసు దాన్ని లాగుతుంది. అలాంటి గిన్నె యెంత అందమైనదైనా అలమరలో వుండవలసిందే.

ఇంకొక్క మాట. కుమ్మరిళ్ళలో చాలాచోట్ల సారె తిప్పేది మగవాళ్ళు. మట్టి తొక్కేదీ, పూత పూసేదీ, రుద్ది నునుపు తేల్చేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. కుండ ఎవరు చేశారంటే మాత్రం సారె తిప్పినాయన పేరే చెబుతాం. అందుకని, రంగుల డబ్బాలు కొనే ముందు మీ పిల్లల్ని ఓసారి అలాంటి ఇల్లాలి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆమె చేతిలో గులకరాయి ఎలా తిరుగుతుందో చూడనివ్వండి. ఆమెని 'టీచరుగారూ' అని పిలవడం నేర్పండి.

పాఠానికి ఫీజు ఇవ్వడం మరిచిపోకండి సుమా!