పెట్టెలో వచ్చే వంతెన

నమూనా రైల్వే కట్టేవాళ్ల పనితనం తెలుసుకోవాలంటే వాళ్ల వంతెన చూడాలి. స్టేషనుకు నాలుగు గోడలు నిలబెట్టి పైకప్పు మూసేస్తే లోపల ఏముందో ఎవరూ అడగరు. వంతెనకు ఆ చాటు లేదు. ప్రతి కడ్డీ, ప్రతి అతుకు, చివరికి స్తంభం మీద ఆనే చోటు కూడా బయటే ఉంటుంది. 1935లో అమెరికాలోని మిల్వాకీలో పుట్టిన ఎన్.ఎం.ఆర్.ఏ. అనే నమూనా రైల్వేల సంఘం, కట్టడాల విభాగంలో మాస్టర్ బిల్డర్ అనిపించుకోదలచినవాళ్లు 12 కట్టడాలు చేసి చూపాలంటుంది. వాటిలో ఒకటైనా వంతెన కావాల్సిందే.

అమెరికాలో నమూనా రైల్వేలు కట్టేవాళ్లలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ స్కేలు. అసలు వంతెనలోని అడుగు ఇక్కడ 3.5 మిల్లీమీటర్లు, అంటే 87వ వంతు. సెంట్రల్ వ్యాలీ కంపెనీ చేసే 150 అడుగుల ప్రాట్ ట్రస్ (కడ్డీల అల్లిక వంతెన) కిట్ ఈ లెక్కన అరమీటరు దాటుతుంది. పెట్టె తెరిస్తే చట్రాలకు అంటుకుని ఉన్న సన్నసన్నని ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తాయి. కాగితంలో చెప్పిన వరుసలో అతికించుకుంటూ పోతే వంతెన తయారవుతుంది, నిజమే. కానీ ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలిసి అతికించిన వంతెన తీరే వేరు.

థామస్, కాలెబ్ ప్రాట్‌లు ఈ ట్రస్‌కు 1844లో పేటెంట్ తీసుకున్నారు. ఇందులో నిలువు కడ్డీలు నొక్కుడు బలాన్ని మోస్తాయి, లోపలి ఏటవాలు కడ్డీలు లాగుడు బలాన్ని మోస్తాయి. సన్నని ఇనుప కడ్డీ లాగుడును బాగా ఓర్చుకుంటుంది, నొక్కితే మాత్రం మధ్యలో వంగిపోతుంది. అందుకే ఏటవాలువి పొడవైనా సన్నగా ఉంటాయి. నిలువువి లావుగా, రెండు పట్టీల మధ్య జాలీ అల్లికతో ఉంటాయి. లోపలి ఏటవాలు కడ్డీలు రెండు కొసల నుంచీ మధ్యకు, కిందికి దిగుతాయి. ఇంత తెలిస్తే చాలు, ముక్క తిరగబడితే కాగితం చూడకుండానే కన్ను పట్టేస్తుంది.

ఇక చేతిపని. ముక్కను చట్రం నుంచి విరవకూడదు. కటర్‌తో కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొనను ఉప్పుకాగితంతో అరగదీయాలి. పక్క ట్రస్‌లు రెండింటినీ గాజుపలక మీద పడుకోబెట్టి కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొలత సరిచూసుకోవాలి. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా పైన అడ్డదూలాలు వేసేటప్పుడు వంతెన మెలి తిరుగుతుంది. అతికించేది చిక్కని జిగురుతో కాదు. నీళ్లలాంటి ప్లాస్టిక్ సిమెంటును సన్నని కుంచెతో అతుకు అంచుకు తాకిస్తే అదే లోపలికి పాకి రెండు ముక్కలనూ కరిగించి ఒకటి చేస్తుంది. చుక్క ఎక్కువైతే రివెట్ల వరుస కరిగిపోతుంది. మూలమట్టం పెట్టి చూసి, రాత్రంతా కదపకుండా ఉంచడం ఉత్తమం. కలప వంతెన కిట్లలో ముందు రంగు పట్టించి తర్వాత అతికించాలి. జిగురు అంటిన చోట కలప రంగు పీల్చుకోదు, తెల్ల మచ్చ మిగిలిపోతుంది.

నా దృష్టిలో చాలామంది శ్రద్ధ పెట్టనిది వంతెన ఆనే చోటు. ఎండకు ఉక్కు సాగుతుంది. 45 మీటర్ల స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) 40 డిగ్రీల తేడాకు దాదాపు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. అందుకని ఒక కొసను స్తంభానికి బిగించి, రెండో కొసను జరిగేలా రోలర్ల మీద ఉంచుతారు. మంచి కిట్లలో ఈ రెండు రకాల పాదాలూ వేర్వేరుగా వస్తాయి. రెండు కొసలకూ ఒకటే రకం పెడితే తెలిసినవాళ్లకు వెంటనే తేడా కనిపిస్తుంది. పట్టాల మధ్య కాపు పట్టాలు, మామూలు లైను కంటే దగ్గరదగ్గరగా పేర్చిన స్లీపర్లు కూడా ఇలాంటివే. వంపు మీద ట్రస్ పెట్టాలంటే అది తిన్నగానే ఉంటుంది, పట్టా మాత్రం వంగుతుంది. పొడవాటి రైలుపెట్టె మధ్యభాగం వంపు లోపలివైపుకు జరిగి ట్రస్‌ను రాసుకుంటుంది. అలాంటి చోట గర్డర్ కింద, పట్టా పైన ఉండే డెక్ వంతెనే మేలు.

నమూనాలో వంతెన పూర్తయ్యాకే దాని కింది లోయ చెక్కాలి, స్తంభాల ఎత్తు అప్పుడే తేలుతుంది. ముందే కొండలు పోసేసినవాళ్లు తర్వాత స్తంభాల కింద చెక్కలు దోపుకుంటూ ఉంటారు.

150 అడుగుల స్పాన్ మన గోదావరికి పరిచయమైన కొలతే. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచిన హేవలాక్ వంతెనకు అలాంటివి 56 ఉన్నాయి. హెచ్‌ఓలో అన్నీ కడితే 29 మీటర్లు దాటుతుంది, ఏ ఇంట్లోనూ పట్టదు. నాలుగైదు స్పాన్లు చేసినా గోదావరి గుర్తుకొస్తుంది. బ్రాడ్‌గేజ్ పట్టా కొలత మాత్రం 19 మిల్లీమీటర్లు పైచిలుకు వస్తుంది, బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. ఆ రాజీకి సిద్ధపడాలి. 1997లో రైళ్లు ఆగిపోయినా ఆ వంతెన ఇంకా నదిలో నిలిచే ఉంది. రాజమండ్రి, కొవ్వూరు ప్రాంతాల ఇంజనీరింగ్ విద్యార్థులు, రైలంటే ప్రాణం పెట్టేవాళ్లు పూనుకుని ఒక్క స్పాన్‌కైనా ఫొటోలు తీసి, దూరం నుంచే కొలతలు కట్టి, అడుగుకు 3.5 మిల్లీమీటర్ల లెక్కన బొమ్మ గీయాలి. ఆ బొమ్మ ఉంటే ప్లాస్టిక్ పట్టీలతో మన వంతెన కిట్‌ను మనమే తయారుచేసుకోవచ్చు.